కరెంటు పోయి వచ్చాక తనంతట తానే లేవాలి

అనంతపురంలో డిప్లొమా, ఇంజినీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా రాసిన పాఠం.

అందరికీ నమస్కారం.

మాటల్లోకి దిగేముందు ఒక పని మొదలుపెట్టేస్తాను. ఈ బల్ల మీద రెండు బోర్డులున్నాయి. రెండూ రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులే. ఎడమ పక్కన ఉన్నది మా చిన్నాయన చీనీ తోటలోంచి నిన్న సాయంత్రం విప్పి తెచ్చింది, పొద్దున్నుంచి ఇక్కడే నడుస్తోంది. కుడి పక్కన ఉన్నది కొత్తది, ఇంకా దానిలో ఏమీ లేదు. దాని మెమరీ కార్డును నా ల్యాప్‌టాప్‌కు తగిలించాను. కార్డు మీద ఓఎస్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, రాసే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ తెరిచి బోర్డు రకం, ఓఎస్, కార్డు ఎంచుకున్నాను. డెస్క్‌టాప్ బొమ్మలేవీ లేని లైట్ ఓఎస్, 64 బిట్‌ది తీసుకున్నాను. ఇదిగో, రాయమని నొక్కాను. తెర మీద శాతం కదులుతోంది. ముందు వరుసలోవాళ్ళు ఒక కన్ను దాని మీద వేసి ఉంచండి, అయిపోగానే చెప్పండి.

ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడమంటే మీలో చాలామందికి తెలిసింది ఇంతే. కార్డు మీద రాయడం, బోర్డులో పెట్టడం, లాగిన్ రాగానే ఫొటో తీసుకోవడం. కాలేజీ ప్రాజెక్టుకు అది చాలు. తోటలో పెట్టే ఎడ్జ్ కంప్యూటర్ పెట్టెకు మాత్రం చాలదు. ఆ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఎడ్జ్ కంప్యూటర్ అంటే కొత్త రకం యంత్రమేమీ కాదు. లెక్కను దూరాన ఉన్న సర్వర్‌కు వదలకుండా, పని జరిగే చోటే చేసే చిన్న కంప్యూటర్. మా చిన్నాయనకు గార్లదిన్నె దగ్గర నాలుగెకరాల చీనీ తోట ఉంది, రెండు బోర్లు. మన జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఆ బోర్లలో ఎన్ని నీళ్ళుంటే అన్ని రోజులు తోట ఉంటుంది. అక్కడి పెట్టె చేసే పని రెండు ముక్కల్లో చెప్తాను. చెట్ల కింద మట్టిలో తేమ ఎంతుందో చూసి ఏ వరసకు డ్రిప్పు వదలాలో తేల్చడం ఒకటి. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కనిపెట్టుకుని ఉండడం రెండోది. బోరులో నీళ్ళు అయిపోతే మోటారు లాగే ఆంపియర్లు పడిపోతాయి. అప్పుడు వెంటనే ఆపకపోతే మోటారు కాలిపోవచ్చు. మోటారు కాలితే ఏమవుతుందో రైతుబిడ్డలకు నేను చెప్పనక్కర్లేదు. బోరులోంచి పైపులన్నీ పైకి లాగాలి, వైండింగ్ చేయించాలి, మళ్ళీ దించాలి, ఆలోపు చెట్లు ఎండుతుంటాయి. ఆ సంగతి ఏ ఊళ్ళోనో ఉన్న సర్వర్‌కు చెప్పి, జవాబు వచ్చేదాకా ఆగుదామంటే కుదరదు. ఆ క్షణానికి సిగ్నల్ ఉండాలి కదా. అందుకే లెక్క అక్కడే జరగాలి.

ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు పోతాను. పెట్టె ఉంది కదా అని స్టార్టర్ బాక్సులోని డ్రై రన్ రక్షణను, అంటే నీళ్ళు లేనప్పుడు మోటారును ఆపేసే రిలే స్విచ్చును, తీసేయకండి. నేను రాసిన ప్రోగ్రాం మీద నాకు ఎంత నమ్మకమున్నా, మోటారు విషయంలో ఆ రిలే ఉండి తీరాలి.

సరే, కరెంటు సంగతికి వద్దాం. వ్యవసాయ లైనుకు రోజుకు 9 గంటల కరెంటు. అంటే ఆ లైను మీద పెట్టిన కంప్యూటర్‌కు ప్రతిరోజూ కరెంటు పోతుంది. ఎవరూ షట్‌డౌన్ నొక్కరు, ఎవరూ చెప్పిరారు. అది ఫైలు రాస్తున్నా పోతుంది, అప్‌డేట్ మధ్యలో ఉన్నా పోతుంది. ఏడాదికి 365 సార్లు అనుకోండి. మధ్యలో ట్రిప్పయ్యేవి, గాలివానకు పోయేవి వేరే లెక్క. ఇంట్లో మీ కంప్యూటర్‌ను రోజూ ఇలా వైరు పట్టి లాగితే అమ్మా నాన్నా ఊరుకుంటారా? మన పెట్టెకు అదే దినచర్య. ఓఎస్ వేసేటప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

నేను మొదట పెట్టిన పెట్టె నలభై రోజులు చక్కగా నడిచింది. ఒకరోజు పొద్దున్నే చిన్నాయన ఫోను. "ఏం పాపా, నీ పెట్టెలో ఎర్ర లైటు ఉంది గానీ పచ్చ లైటు కొట్టుకోవడం లేదు." ఎర్ర లైటు అంటే కరెంటు అందుతోందని. పచ్చ లైటు కార్డును చదువుతున్నప్పుడు, రాస్తున్నప్పుడు మినుకుతుంది. అది కొట్టుకోవడం లేదంటే కార్డు పోయినట్టే. నేను వెళ్ళి చూస్తే అంతే. కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే రెండో పార్టిషన్, అంటే ఓఎస్ ఉన్న భాగం, తెరుచుకోలేదు. నలభై రోజుల రీడింగులూ పోయాయి. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నలభై రోజులూ పెట్టె చెప్పినట్టే నీళ్ళు కట్టి, తన లెక్క తాను రాసుకోవడం మానేశాడు మరి. నాకు బాధ కలిగింది దానికే.

కార్డు ఎందుకు పోయింది? దీన్ని కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే పుస్తకాల్లో ఒక వాక్యంతో దాటేస్తారు.

మెమరీ కార్డు లోపల ఉన్నది ఫ్లాష్ మెమరీ. అందులో ఒక చిన్న ముక్కను మార్చాలంటే ఆ ముక్కనొక్కదాన్నే చెరపడం కుదరదు. అది ఉన్న పెద్ద గడి మొత్తాన్ని చెరపాలి. ఒక మొక్కను మార్చడానికి మడి మొత్తం తవ్వి, ఉన్న మొక్కలన్నీ తీసి మళ్ళీ నాటినట్టు. కార్డులో ఒక చిన్న కంట్రోలర్ చిప్ ఉండి, ఏది ఎక్కడ నాటాలో అదే చూసుకుంటుంది. తవ్వడం అయ్యి నాటడం కాకముందే కరెంటు పోతే? మీరు మార్చబోయిన మొక్క ఒక్కటే పోదు, ఆ మడిలో మీరు అసలు తాకని మొక్కలూ పోతాయి. అందుకే, "నేను నా లాగ్ ఫైలే కదా రాస్తున్నాను, ఓఎస్‌కు మూలమైన కెర్నెల్ ఫైలు ఎలా చెడింది" అని ఆశ్చర్యపోతారు. మన ఓఎస్ లైనక్స్ రకం. అందులో ఫైళ్ళను సర్దిపెట్టే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు జర్నల్ ఉంటుంది. చేయబోయే పనిని ముందు చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తుంది కాబట్టి మధ్యలో ఆగినా సర్దుకుంటుంది. కానీ అది తన పొరపాటును సర్దుకోగలదు గానీ, కింద కార్డు పోగొట్టినదాన్ని తిరిగి తేలేదు.

మందు ఒకటే. రాయడం మానేయాలి. ఓఎస్ ఉన్న భాగాన్ని చదవడానికే తెరవాలి, రాయడానికి తెరవకూడదు. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో రాస్పీ కాన్ఫిగ్ అనే మెనూలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, ప్రోగ్రాములు ఏం రాసినా అది ర్యామ్‌లోకి పోతుంది, కార్డును తాకదు. కరెంటు పోతే ర్యామ్‌లో రాసిందంతా మాయం. మళ్ళీ కరెంటు రాగానే పెట్టె మీరు ఓవర్‌లే ఆన్ చేసి ముద్ర వేసిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే లేస్తుంది. పలక తుడిచి మళ్ళీ మొదలుపెట్టినట్టు.

మరి రీడింగులు ఎక్కడ దాచాలి? చాలామంది అదే కార్డు మీద ఇంకో పార్టిషన్ చేసి అందులో రాస్తారు. ఏమీ చేయకపోవడం కన్నా అది మేలే. కానీ పార్టిషన్ అనేది మనం గీసుకున్న గీత. కార్డు లోపలి కంట్రోలర్‌కు ఆ గీత తెలియదు, అది తన మడులను తన లెక్కన వాడుకుంటుంది. అందుకే నేను రీడింగులను వేరే యూఎస్‌బీ డ్రైవ్ మీద రాస్తాను. అది చెడిపోయినా పెట్టె లేస్తుంది, మోటారును కాపాడుతుంది. కార్డులు కొనేటప్పుడు కూడా కారు కెమెరాల కోసం అమ్మే హై ఎండ్యూరెన్స్ రకం తీసుకోండి. అవి మళ్ళీ మళ్ళీ రాయడాన్ని ఎక్కువ కాలం తట్టుకుంటాయి.

చివర కూర్చున్న అమ్మాయి చేయి ఎత్తింది. అడుగమ్మా.

బ్యాటరీ పెడితే ఇదంతా అవసరమా అంటోంది. మంచి ప్రశ్న. బ్యాటరీ నేనూ పెట్టాను, చిన్న సోలార్ పలకతో. అయితే మన ఎండలకు బ్యాటరీ త్వరగా దెబ్బ తింటుంది. ఏదో ఒక రోజు అది చార్జి నిలుపుకోదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఆ మరుసటి రోజు మీ పెట్టె పాత కష్టంలోనే పడుతుంది. కాబట్టి ముందు బ్యాటరీ లేకుండానే బతికేలా ఓఎస్ సిద్ధం చేయండి. ఆ తర్వాత బ్యాటరీ పెట్టండి. ఈ వరుస తిప్పకండి.

ఆఁ, ఏమంటోంది తెర? రాయడం అయిపోయి వెరిఫై అని చూపిస్తోందా? బాగుంది. రాసినదాన్ని మళ్ళీ చదివి సరిగ్గా ఉందో లేదో పోల్చుకుంటోంది. తొందరపడి దీన్ని ఆపేయకండి.

దీని గురించి రెండు విషయాలు. ఇమేజర్ తానే డౌన్‌లోడ్ చేసుకున్న ఇమేజ్‌ను, అంటే కార్డు మీద రాసే ఓఎస్ ఫైలును, తానే సరిచూసుకుంటుంది. మీరు వేరే చోట నుంచి ఇమేజ్ ఫైలు తెచ్చుకుంటే మాత్రం ఆ పని మీదే. డౌన్‌లోడ్ పేజీలో షా-256 అని 64 అక్షరాలు, అంకెల వరుస ఇస్తారు. మీ దగ్గరున్న ఫైలుకు షా256సమ్ కమాండ్ ఇస్తే అలాంటి వరుసే వస్తుంది. రెండూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఫైల్లో ఒక్క బిట్ మారినా వరుస మొత్తం మారిపోతుంది. హాస్టల్లో పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన ఇమేజ్ అయితే ఈ పని చేయకుండా వాడనే వద్దు.

రెండోది నకిలీ కార్డులు. ఇది నాకు జరిగింది. 64 జీబీ అని పైన అచ్చు వేసి ఉంది, ల్యాప్‌టాప్ కూడా 64 జీబీ అనే చూపించింది. ఓఎస్ రాశాను, వెరిఫై కూడా పాసయింది. పది రోజుల తర్వాత ఫైళ్ళు ఒక్కొక్కటే చెత్తగా మారడం మొదలైంది. అసలు సంగతేమిటంటే, ఆ కార్డులో నిజంగా ఉన్న చోటు 8 జీబీలోపే. కంట్రోలర్‌తో 64 అని అబద్ధం చెప్పించారు. మన ఇమేజ్ రెండు మూడు జీబీలే కాబట్టి అంతవరకు రాసి చదివితే అంతా బాగానే ఉంది. మొదటిసారి బూట్ అయినప్పుడు ఓఎస్ తన పార్టిషన్‌ను కార్డు చివరిదాకా పెంచుకుంటుంది. రాత ఆ 8 జీబీని దాటిన రోజున, రాసింది గాలిలో కలిసిపోతుంది. వెరిఫై పాసయింది కదా అని నేను కార్డును అనుమానించనే లేదు, ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ వారం పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఏ కార్డు కొన్నా, ఓఎస్ రాయకముందే ఎఫ్3 అనే ఉచిత టూల్‌తో కార్డు మొత్తం నింపి, తిరిగి చదివి చూస్తాను. దానికి గంటలు పడుతుంది. పట్టనివ్వండి, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి తేలిపోతుంది.

ఇమేజర్ బదులు డీడీ కమాండ్‌తో కార్డు రాసేవాళ్ళకు ఒక్క హెచ్చరిక. ఏ డిస్కు మీద రాయాలో మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, మళ్ళీ అడగదు. కార్డు పేరు బదులు ల్యాప్‌టాప్ డిస్కు పేరు పడితే ఉన్నదంతా పోతుంది. ముందు డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి, సైజు చూసి, అదే కార్డని తేల్చుకున్నాకే ఎంటర్ నొక్కండి.

వెరిఫై అయింది. కార్డు తీసి బోర్డులో పెడుతున్నాను. కరెంటు ఇచ్చాను. పచ్చ లైటు చూడండి.

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో తెలిస్తే, రేపు ఎక్కడ ఆగిందో మీరే పట్టుకోగలరు. చిప్‌లోనే చెక్కి ఉన్న చిన్న ప్రోగ్రాం ముందు లేస్తుంది. అది బోర్డు మీద ఉన్న ఈఈప్రామ్ అనే చిన్న మెమరీలోని బూట్‌లోడర్‌ను, అంటే ఓఎస్‌ను లేపే ప్రోగ్రాంను, లేపుతుంది. పై 4 నుంచి బూట్‌లోడర్ బోర్డు మీదే ఉంటుంది, అంతకు ముందు బోర్డుల్లో అదీ కార్డు మీదే ఉండేది. బూట్‌లోడర్ కార్డు మీది మొదటి పార్టిషన్‌ను తెరుస్తుంది. అది విండోస్‌లో కూడా కనబడే ఫ్యాట్ పార్టిషన్. అందులో స్టార్ట్4 అనే ఫర్మ్‌వేర్ ఫైలు, కాన్ఫిగ్ ఫైలు, తర్వాత కెర్నెల్ ఫైలు. కెర్నెల్ లేచి రెండో పార్టిషన్‌ను తెరిచి, మిగతా ప్రోగ్రాములను లేపే సిస్టమ్‌డీకి పని అప్పగిస్తుంది. అక్కడి నుంచి మన ప్రోగ్రాములు. మధ్యలో ఎక్కడైనా ఆగితే పచ్చ లైటు లెక్కపెట్టి కొట్టుకుంటుంది. నాలుగుసార్లు కొట్టుకుని ఆగి, మళ్ళీ నాలుగుసార్లు కొట్టుకుంటే స్టార్ట్ ఫైలు దొరకలేదని. ఏడుసార్లయితే కెర్నెల్ దొరకలేదని. తోటలో మానిటర్ ఉండదు కదా. నేను ఈ రెండు అంకెలు చిన్నాయనకు నేర్పాను. ఇప్పుడు ఫోన్లోనే చెప్తాడు, "పాపా, ఏడు కొడుతోంది" అని. నేను ఏ కార్డు పట్టుకుపోవాలో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

కొత్త బోర్డు లేచింది. నేను ఇమేజర్‌లోనే కొన్ని సంగతులు ముందే నింపాను. యూజర్ పేరు, వైఫై పేరు, దేశం ఇండియా అని, టైమ్ జోన్ ఆసియా కోల్‌కతా అని. దేశం నింపకపోతే వైఫై రేడియోను ఆన్ చేయనివ్వదు, కొత్తవాళ్ళు గంటలు గంటలు అక్కడే ఆగిపోతారు. దూరం నుంచి లాగిన్ అవడానికి పాస్‌వర్డ్ బదులు ఎస్ఎస్‌హెచ్ కీ అనే తాళంచెవి ఫైలు పెట్టాను. ఇదివరకు ఈ ఓఎస్‌లో పై అనే యూజరు, రాస్ప్‌బెర్రీ అనే పాస్‌వర్డు ముందే ఉండేవి. 2022 ఏప్రిల్‌లో వాటిని తీసేశారు. మంచి పని చేశారు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతా కెమెరాలను, రౌటర్లను పట్టుకుంది. దానికి గొప్ప తెలివేమీ అక్కర్లేకపోయింది. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేర్లు, పాస్‌వర్డులు ఓ అరవై దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టి చూసింది, తలుపులు తెరుచుకున్నాయి. మన పెట్టె చేతిలో బోరు మోటారు ఉంది. ఎవరో తెలియనివాడు అర్ధరాత్రి దాన్ని ఆన్ చేసే వీలు మనం ఉంచకూడదు.

ఇక గడియారం. ఇది నేను అందరికన్నా ఎక్కువ కష్టపడి నేర్చుకున్న విషయం, అందుకే కాస్త ఓపిక పట్టండి.

పై 4 మీద గడియారం చిప్ లేదు. కరెంటు పోతే దానికి టైము తెలియదు. పై 5లో ఆ చిప్ బోర్డు మీదే ఇచ్చారు గానీ, దాని బ్యాటరీ మనమే విడిగా కొని తగిలించాలి. నెట్‌వర్క్ ఉంటే లేవగానే టైమ్ సర్వర్‌ను అడిగి సరిచేసుకుంటుంది. నెట్‌వర్క్ లేకపోతే? చివరిసారి చూసిన టైమును ఒక చిన్న ఫైల్లో రాసుకుని, లేవగానే దాన్నుంచి లెక్క మొదలుపెడుతుంది. అంటే నిన్న సాయంత్రం 5 గంటలకు కరెంటు పోయి, ఇవాళ పొద్దున 8కి వస్తే, పెట్టె ఇంకా నిన్న సాయంత్రం 5 గంటలే అనుకుంటుంది.

మీకు ఒకటి తట్టిందా? "చిన్న ఫైల్లో రాసుకుని" అన్నాను. ఇందాక కార్డు మీద రాయడమే మానిపించాం కదా. ఓవర్‌లే పెట్టాక ఆ చిన్న ఫైలు కూడా ర్యామ్‌లోకే పోతుంది. కరెంటు పోతే అదీ పోతుంది. ఫలితం ఏమిటంటే, పెట్టె లేచిన ప్రతిసారీ నేను ముద్ర వేసిన తేదీ దగ్గరే నిలబడుతుంది. ఒక జబ్బుకు మందు వేసి ఇంకో జబ్బు తెచ్చుకున్నాను.

అది నాకు వెంటనే తెలియలేదు, ఎందుకంటే సిగ్నల్ ఉన్నన్నాళ్ళు రెండు నిమిషాల్లో టైము సరైపోయేది. ఒకసారి వానలకు అక్కడి టవర్ కొన్ని రోజులు పని చేయలేదు. ఆ రోజులన్నిటి రీడింగులూ ఒకే తేదీ కింద, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏ తేమ ఏ రోజుదో తెలియదు. అంతకన్నా ఘోరం, పెట్టె లెక్కన ఇంకా నీళ్ళ వంతు రాలేదు కాబట్టి రెండు వరసల చెట్లకు నీళ్ళు వదల్లేదు. చిన్నాయన తోటలో తిరుగుతూ ఆకు ముడుచుకోవడం చూసి చేత్తో వాల్వు తిప్పాడు కాబట్టి సరిపోయింది. "పాపా, పెట్టె మంచిదే. అయితే దానికి ఇవాళ ఏ రోజో చెప్పేవాళ్ళుండాలి" అన్నాడు.

ఇప్పుడు ఎడమ బోర్డు మీద, ఇక్కడ, నాణెమంత బ్యాటరీతో కనబడుతోంది చూడండి. డీఎస్3231 అనే గడియారం చిప్. రెండు డేటా తీగలు, కరెంటుకు రెండు తీగలు, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క వరుస. ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూ తప్ప తేడా రాదు. నాణెం బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది. ఇప్పుడు ప్రోగ్రాం కూడా టైమును గుడ్డిగా నమ్మదు. ముద్ర వేసిన తేదీకన్నా వెనక ఉన్నా, చివరి రీడింగుకన్నా వెనక ఉన్నా, టైము మీద నమ్మకం లేదని రీడింగు పక్కనే గుర్తు పెడుతుంది. నీళ్ళ విషయంలో అప్పుడు తేమను మాత్రమే చూసి నిర్ణయిస్తుంది, వంతులను చూడదు.

టైము సంగతిలో ఇంకొకటుంది. సర్వర్‌తో భద్రంగా మాట్లాడాలంటే దాని గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ మీది తేదీలు చూస్తారు. పెట్టె గడియారం మూడు నెలల వెనక ఉంటే, మొన్న ఇచ్చిన సర్టిఫికెట్‌ను "ఇది ఇంకా అమల్లోకి రాలేదు" అని తిప్పి పంపేస్తుంది. నెట్ ఉంది, సర్వర్ ఉంది, అయినా కలవదు. ఇలాంటప్పుడు ముందు డేట్ కమాండ్ కొట్టి చూడండి.

అప్‌డేట్ల గురించి ఎవరో చీటీ పంపారు. తోటలో ఉన్న పెట్టెకు ఇక్కడినుంచి ఓఎస్ ఎలా మార్చాలి అని. ఉన్న ఓఎస్ మీదే ఏపీటీ అనే అప్‌డేట్ కమాండ్‌తో అప్‌గ్రేడ్ కొట్టి, మధ్యలో కరెంటు పోతే సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. అది లేవదు. మన చెనక్కాయ రైతులు ఏం చేస్తారు? కొత్తగా కదిరి లేపాక్షి రకం వచ్చిందని ఉన్న కే-6 విత్తనమంతా అమ్ముకుంటారా? ఒక చెక్కలో వేసి చూస్తారు, పాత విత్తనం సంచి అటక మీదే ఉంటుంది. ఇక్కడా అంతే. ఓఎస్‌కు రెండు పార్టిషన్లు పెట్టండి. ఒకటి నడుస్తుంటే కొత్తది రెండోదాంట్లో రాయాలి. పూర్తిగా రాసి, సరిచూశాక, ఒక్కసారి దాంట్లోంచి లేచి చూడమనాలి. రాస్ప్‌బెర్రీ పై బూట్‌లోడర్‌లో దీనికి ట్రైబూట్ అనే ఏర్పాటు ఉంది. కొత్తది సరిగ్గా లేచి సెన్సర్లను చదివి, మోటారు రిలేతో మాట్లాడితేనే ఇకమీద ఇదే అని ఖాయం చేస్తుంది. లేకపోతే మళ్ళీ రీబూట్ అయినప్పుడు పాతదే లేస్తుంది. మెండర్, ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్ లాంటి టూల్స్ ఈ పనిని ఒక పద్ధతిలో చేసిపెడతాయి. పెట్టెలు ఐదారు దాటితే వీటిలో ఒకటి నేర్చుకోక తప్పదు.

దీనికి తోడుగా వాచ్‌డాగ్‌ను ఆన్ చేయండి. చిప్‌లోనే ఉన్న టైమర్ అది. దానికి 15 సెకన్లలోపు నేను బతికే ఉన్నానని కబురు అందకపోతే బోర్డును రీబూట్ చేసేస్తుంది. సిస్టమ్‌డీలో ఒక్క వరుస రాస్తే చాలు.

వోల్టేజీ గురించి. పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. బోర్డుకు అందే వోల్టేజీ 4.63 కన్నా తగ్గితే అది గోల పెడుతుంది, వేగం తగ్గించుకుంటుంది, కార్డు రాతలు చెడతాయి. ఫోన్ చార్జరుకు పొడవాటి సన్నని తీగ వేసి ఇది బాగా లేదంటారు. డ్రిప్పు పైపులో మొదటి చెట్టు దగ్గరున్న ప్రెషరు చివరి చెట్టు దగ్గర ఉంటుందా? తీగలో కూడా అంతే. అందుకే నేను దూరం 12 వోల్టులతో లాగి, బోర్డు పక్కనే చిన్న కన్వర్టర్‌తో 5కు దించుతాను. వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్ థ్రాటుల్డ్ అని కొడితే ఎప్పుడైనా వోల్టేజీ తగ్గిందా, వేడెక్కిందా అన్నది చెప్పేస్తుంది. అక్కడ సున్నా తప్ప ఇంకేం వచ్చినా తోటకు పంపకండి.

వేడి కూడా అంతే ముఖ్యం. చిప్ 80 డిగ్రీలు దాటితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. మన మే నెలలో నీడలోనే 42 ఉంటుంది, ఎండలో ఇనుప పెట్టె లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించండి. పెట్టెను స్టార్టర్ షెడ్డు నీడకు మార్చి, తెల్ల రంగు వేసి, చిప్‌ను అల్యూమినియం మూతకు ఆనించాను. ఫ్యాన్ పెట్టలేదు, మన దుమ్ముకు ఫ్యాన్ ఎన్నాళ్ళు తిరుగుతుంది?

కరెంటు తిరిగి వచ్చిన వెంటనే మోటారు వేయకండి. ఊళ్ళో ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారం పడుతుందో మీకు తెలుసు. నా పెట్టె లేచాక మూడు నిమిషాలు ఆగుతుంది. దాని మీద ఇంకొన్ని సెకన్లు, పెట్టెకొక లెక్కన, ఒకదానితో ఒకటి కలవకుండా. అప్పటికి వోల్టేజీ కూడా నిలకడగా ఉంటుంది.

చివరి ప్రశ్న అంటున్నారు. చీనీ కాయలను కెమెరాతో చూసి గ్రేడింగ్ చేయాలి, ఎన్‌విడియా వాళ్ళ జెట్సన్ బోర్డు కొన్నాం, దానికీ ఇంతేనా అని. మాట్లాడుకున్నదంతా దానికీ వర్తిస్తుంది గానీ, ఓఎస్ వేసే దారి వేరు. మెమరీ కార్డుతో వేసే రకాలున్నాయి. కొన్నిటికి మాత్రం బోర్డు మీద రికవరీ పిన్నును గ్రౌండుకు కలిపి, కరెంటు ఇచ్చి, యూఎస్‌బీ తీగతో ఉబుంటు ఉన్న ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ఫ్లాష్ చేయాలి. బోర్డులోని ఫర్మ్‌వేర్‌కు, జెట్‌ప్యాక్ అనే జెట్సన్ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు పొత్తు కుదరాలి. జెట్సన్‌లో ఓరిన్ నానో రకం కొన్నవాళ్ళు ఫర్మ్‌వేర్ పాతదైతే ముందు దాన్ని పెంచి, ఆ తర్వాతే జెట్‌ప్యాక్ 6కు వెళ్ళాలి. దానికి కరెంటు కూడా ఎక్కువ కావాలి కాబట్టి గ్రేడింగ్ షెడ్డులో పెట్టండి, తోటలో కాదు.

ఇక నోటి మాట చాలు. ఎడమ బోర్డు దగ్గరికి ఎవరైనా రండి. ఇందాక బ్యాటరీ గురించి అడిగిన అమ్మాయే రా. ఈ బోర్డుకు ఇక్కడ బ్యాటరీ తగిలించలేదు, నెట్ కూడా తీసేశాను. తెర మీద రీడింగులు పడుతున్నాయి కదా. ఇప్పుడు, నేను ఏమీ నొక్కను, నువ్వు ఆ తీగ లాగెయ్.

భయపడకు, లాగు.

పోయింది. ఒక నిమిషం ఆగి మళ్ళీ గుచ్చు... సరే, గుచ్చు. ఎర్ర లైటు వచ్చింది. పచ్చ లైటు కొట్టుకుంటోంది. నాలుగు కాదు, ఏడు కాదు, తోచినట్టు కొట్టుకుంటోంది, అంటే చదువుకుంటోంది. ఎవరైనా సెకన్లు లెక్కపెడుతున్నారా? ముప్పై రెండు... ముప్పై మూడు... మొదటి రీడింగు పడింది. దాని పక్కన టైము చూడండి. 12 గంటల 41 నిమిషాలు. మీ ఫోన్లలో ఎంతైంది?

అదే కదా. మోటారు రిలే ఇంకా ఆఫ్‌లోనే ఉంది, మూడు నిమిషాలు ఆగుతోంది.

ఇంకోసారి లాగమ్మా. ఈసారి అది లేస్తున్న మధ్యలో.